ఆ కారు ఎవరిది?

ప్రేమ, పెళ్లి, అనుమానం, మోసం, క్షమాపణ... నవలలు, సినిమాలు చెప్పే ఈ కథలన్నీ ఇప్పుడు వీడియో గేముల్లోకీ వచ్చాయి. అక్కడ కథ మధ్యలో ఆగి మనవైపు తిరుగుతుంది. చెప్పు, నువ్వేం చేస్తావ్ అని అడుగుతుంది.

అడవిలో చీకటి. ఓ కారు ఆగి ఉంది. లైట్లు వెలుగుతున్నాయి కానీ మనిషి జాడ లేదు. వెనక భాగం నిండా తిండి డబ్బాలు, సామాన్లు. మనతో ఉన్నవాళ్లంతా రోజుల తరబడి అర్ధాకలితో నడుస్తున్నారు. పక్కన ఎనిమిదేళ్ల పాప, పేరు క్లెమెంటైన్. పెద్దవాళ్లందరూ డబ్బాలు దించుకునే హడావిడిలో ఉంటే ఆ పిల్ల ఒక్కతే అడుగుతుంది, ఇవి ఎవరివో అయితే ఎలా అని.

తీసుకోవాలా, వద్దా?

నేను తీసుకున్నాను. పిల్ల ఆకలి తప్ప ఇంకేమీ కనబడలేదు. ఊళ్లకి ఊళ్లే శవాలై నడుస్తున్న లోకం అది. కారు వదిలిపోయినవాడు ఇంకా బతికుంటాడని ఎవరనుకుంటారు?

మూడు ఎపిసోడ్ల తర్వాత సవానా నగరంలో ఓ హోటల్ గది. కుర్చీలో ఓ మనిషి కూర్చుని ఉంటాడు. క్లెమెంటైన్‌ని ఎత్తుకుపోయింది ఇతనే. గొంతు పెంచకుండా ఒక్కో ప్రశ్నా వేస్తాడు. ఆ కారు అతనిది. తప్పిపోయిన కొడుకుని వెతకడానికి వెళ్లి, తిరిగొచ్చేసరికి కారు ఖాళీగా ఉంది. ఆ తర్వాత భార్య కూతుర్ని తీసుకుని అతన్ని వదిలిపోయింది. ఆ ఇద్దరూ బతకలేదు. ఒక ఇల్లు అలా చెదిరిపోవడానికి మొదలు ఎక్కడుందో అతను నెమ్మదిగా వేలు పెట్టి చూపిస్తాడు. నేను దించుకున్న డబ్బాల దగ్గర.

ఆ రాత్రి వద్దని చెప్పి చేతులు దులుపుకున్నవాళ్లకీ తప్పించుకునే దారి లేదు. నువ్వు ముట్టుకోకపోతే ఏం, నీవాళ్లు తీసుకున్నారు కదా, నువ్వు చూస్తూ ఊరుకున్నావు కదా అన్న ప్రశ్న వాళ్లకీ తగులుతుంది.

కాలిఫోర్నియాకి చెందిన టెల్‌టేల్ గేమ్స్ 2012లో 5 ఎపిసోడ్లుగా తెచ్చిన 'ద వాకింగ్ డెడ్' ఇది. ఇందులో మనం లీ ఎవరెట్ అనే మనిషి. చరిత్ర పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. తన భార్యతో సంబంధం పెట్టుకున్న సెనేటర్‌ని చంపిన కేసులో శిక్షపడి జైలుకి పోతున్నవాడు. ఆ నిజం ఎవరికి చెప్పాలి, ఎవరి దగ్గర దాచాలి అన్నది మన చేతిలోనే ఉంటుంది. మనం ఏదైనా అన్నప్పుడు, చేసినప్పుడు స్క్రీన్ మూలన ఓ చిన్న వాక్యం మెరుస్తుంది: క్లెమెంటైన్ దీన్ని గుర్తుపెట్టుకుంటుందని. మార్కులు పడవు, బహుమతులు రావు. ఒక పిల్ల గుర్తుపెట్టుకుంటుంది, అంతే. ఇంట్లో పిల్లలున్నవాళ్లకి ఆ వాక్యం ఎంత బరువో వేరే చెప్పక్కర్లేదు.

చాలా ఏళ్లుగా ఇలాంటి గేములు ఆడుతున్నాను. ఎవర్ని బతికించాలి, ఎవర్ని వదిలెయ్యాలి అన్న పెద్ద పెద్ద ఘట్టాలు నాకు పెద్దగా గుర్తులేవు. ఏ మాట అన్నాను, ఏ మాట మింగేశాను, చెప్పాల్సింది ఎంత ఆలస్యంగా చెప్పాను అన్నవే గుర్తున్నాయి. సంసారాలు నిలిచేదీ అక్కడే, కూలేదీ అక్కడే. ఈ సంగతి తెలిసి రాసిన గేములున్నాయి, తెలియక రాసినవీ ఉన్నాయి.

విడిపోయిన ఇంట్లో పుట్టింది

విల్ క్రౌథర్ అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్రోగ్రామర్. ఇంటర్నెట్‌కి పూర్వరూపమైన ఆర్పానెట్ మీద పనిచేసేవాడు. సెలవు దొరికితే భార్య ప్యాట్‌తో కలిసి కెంటకీ గుహల్లో పాకుతూ పటాలు గీసేవాడు. 1972లో ఫ్లింట్ రిడ్జ్, మమ్మత్ గుహలు లోలోపల కలిసే ఉన్నాయని తేల్చిన బృందంలో ప్యాట్ కూడా ఉంది. కొన్నాళ్లకి భార్యాభర్తలు విడిపోయారు. కూతుళ్లు దూరమయ్యారు. వాళ్లు తన దగ్గరికి వచ్చినప్పుడు ఆడుకోవడానికి ఏదైనా ఉండాలని 1975, 76 ప్రాంతంలో క్రౌథర్ ఓ ప్రోగ్రామ్ రాశాడు. అందులో బొమ్మల్లేవు, అన్నీ మాటలే. నీ చుట్టూ ఏముందో కంప్యూటర్ చెబుతుంది, ఏం చేస్తావో నువ్వు ఒకటి రెండు మాటల్లో టైప్ చెయ్యాలి. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశాడు. 'అడ్వెంచర్' పేరుతో కంప్యూటర్లున్న చోటికల్లా పాకింది. ఇవాళ ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటున్న ప్రక్రియకి మూలపురుషుడు ఆ ఆటే.

అందులో భార్య లేదు, కూతుళ్లు లేరు, గొడవల్లేవు. ఉన్నది గుహ. ఇద్దరూ కలిసి పాకిన గుహ. తండ్రి పిల్లలకి చూపించగలిగింది అదే. ఈ కళ పుట్టినప్పటి దుఃఖం గురించి తనే నోరు విప్పడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

అలా నోరు విప్పిన వాటిలో నాకు అన్నిటికన్నా సాహసంగా కనిపించేది 2005 జులైలో వచ్చిన 'ఫసాడ్'. మైకేల్ మటియాస్, ఆండ్రూ స్టెర్న్ అనే ఇద్దరు ఐదేళ్లు కూర్చుని తయారుచేసి, డబ్బు తీసుకోకుండా అందరికీ ఇచ్చారు. గ్రేస్, ట్రిప్ అనే దంపతులు పాత స్నేహితుణ్ని ఇంటికి పిలుస్తారు. ఆ స్నేహితుడు మనమే. తలుపు బయట నిలబడేసరికే లోపల గొంతులు వినపడతాయి. తలుపు తీశాక ఇద్దరి ముఖాల్లోనూ నవ్వు. తాగడానికేం కావాలంటూ ట్రిప్, ఇల్లు ఎలా సర్దానో చూశావా అంటూ గ్రేస్. మనం ఏ మాటైనా టైప్ చెయ్యొచ్చు. మన మాటని బట్టి తర్వాతి ఘట్టం మారుతుంది. గ్రేస్ సర్దిన గది బాగుందంటే ట్రిప్ ముఖం ముడుచుకుంటుంది. ట్రిప్ ఇచ్చిన గ్లాసు అందుకుంటే గ్రేస్‌కి గుచ్చుకుంటుంది.

ఇలాంటి ఇంట్లో కూర్చోనివాళ్లు మనలో ఎవరున్నారు? వంటింట్లోంచి గిన్నెల చప్పుడు కాస్త గట్టిగా వస్తుంది. 'మీ అన్నయ్యగారికి కాఫీ అంటే ఇష్టం కదా, మర్చిపోయాను' అన్న మాట వెనక పదేళ్ల లెక్క ఉంటుంది. చుట్టంగా వెళ్లినవాడికి లేవాలో, కూర్చోవాలో, ఎవరివైపు చూడాలో తెలియదు. ఫసాడ్ ఆ ఇబ్బందిని ఇరవై నిమిషాలు సాగదీస్తుంది. దాని కంప్యూటర్ తెలివి చాలా పరిమితమైంది, మన మాట సగం సార్లు దానికి అర్థం కాదు. అయినా ఎదుటివాళ్ల కాపురంలో మన మాట ఒక్కటీ ఖాళీగా పోదన్న సంగతిని అంత సూటిగా చెప్పిన గేము ఇంకొకటి నేను చూడలేదు.

భేతాళుడి దగ్గర నేర్చుకున్నదే

చందమామ చదివి పెరిగినవాళ్లకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. భుజమ్మీద శవం, శవంలో భేతాళుడు, నడకలో ఓ కథ, కథ చివర ఓ ప్రశ్న. చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. ఆ ప్రశ్నల్లో ఎన్నో సంసారాల చుట్టూ తిరిగేవే. భర్త తల, అన్న తల తారుమారై అతుక్కుంటే ఆ ఆడమనిషికి భర్త ఎవరు? వేరొకడికి మాట ఇచ్చిన భార్యని వెళ్లనిచ్చిన భర్త గొప్పవాడా, ముట్టుకోకుండా పంపించినవాడు గొప్పవాడా, దొంగ గొప్పవాడా? చిన్నప్పుడు పుస్తకం మూసి మనం కూడా జవాబు వెతుక్కున్నాం. పేజీ తిప్పి రాజు ఏమన్నాడో చూసి, మనది వేరే అయితే కాసేపు తగువుపడ్డాం.

ఆ కథల్లో చివరిది నాకు ఇప్పుడు ఎక్కువ గుర్తొస్తుంది. తండ్రీ కొడుకులు ఇద్దరాడవాళ్ల అడుగుజాడలు చూసి, పెద్ద పాదాలామె తండ్రికి, చిన్న పాదాలామె కొడుక్కి అనుకుంటారు. తీరా చూస్తే కూతురివి పెద్ద పాదాలు, తల్లివి చిన్నవి. అన్నమాట ప్రకారం పెళ్లిళ్లయిపోతాయి. వాళ్లకి పుట్టే పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? విక్రమార్కుడికి జవాబు తెలియదు, మాట్లాడడు. ఆ మౌనమే అతన్ని గమ్యానికి చేరుస్తుంది.

టెల్‌టేల్ గేముల్లో మాట ఎంచుకోవడానికి కొన్ని క్షణాలే ఇస్తారు. కింద ఓ గీత తరుగుతూ ఉంటుంది. మూడు మాటలు, నాలుగోది మౌనం. గీత అయిపోతే మౌనమే మన జవాబు. దాన్నీ ఎదుటివాళ్లు గుర్తుపెట్టుకుంటారు. ఎపిసోడ్ అయ్యాక ఆడినవాళ్లలో నూటికి ఎంతమంది నీలాగే చేశారో లెక్క చూపిస్తారు. కారు దగ్గర నేను చేసినట్టే చాలామంది చేశారని చూసినప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఆ ఊరటే నన్ను భయపెట్టింది. తప్పు నలుగురూ కలిసి చేస్తే తేలికవుతుందని నాకు నేను ఎప్పుడు ఒప్పుకున్నాను?

జపాన్ కంపెనీ అట్లస్ 2011లో తెచ్చిన 'క్యాథరిన్' ఈ ప్రశ్నల పద్ధతినే పడకగదిలోకి తీసుకెళ్లింది. దర్శకుడు కట్సురా హషినో. కథానాయకుడు విన్సెంట్‌కి 32 ఏళ్లు. ఏళ్ల తరబడి ప్రేమించిన క్యాథరిన్ పెళ్లి మాట ఎత్తింది. అతను అటు అవుననడు, ఇటు కాదనడు. ఓ రాత్రి బార్‌లో తాగి పొద్దున లేచేసరికి పక్కన వేరే అమ్మాయి. ఆమె పేరూ క్యాథరినే, స్పెల్లింగులో మొదటి అక్షరం మాత్రమే తేడా. అక్కణ్నుంచి రోజూ పీడకలలు. కూలిపోతున్న రాళ్ల మెట్లు ఎక్కుతూ పోవాలి, కాలు జారితే చావు. ఒక్కో దశకీ మధ్య చర్చిలో పాపాలు ఒప్పుకునే గదిలాంటిది ఉంటుంది. కనబడని గొంతు ప్రశ్న వేస్తుంది. పెళ్లితో జీవితం మొదలవుతుందా, ముగుస్తుందా? ఇలాంటివి. రెండు జవాబులు, ఒకటి ఎంచుకోవాలి. మన జవాబుల్ని బట్టి ఓ ముల్లు కట్టుబాటు వైపో, స్వేచ్ఛ వైపో ఊగుతుంది. చివరికి 8 ముగింపుల్లో ఏదో ఒకటి దక్కుతుంది.

నన్ను ఆ గదిలోని ప్రశ్నలు అంతగా కదిలించలేదు. అవి ఎవరైనా టీ కొట్టు దగ్గర వేసుకునే ప్రశ్నలే. ఫోను మాత్రం కదిలించింది. విన్సెంట్ బార్‌లో కూర్చుని ఉంటాడు, మెసేజ్ వస్తుంది. పెళ్లి చేసుకోవాలనుకుంటున్న ఆమె నుంచి. జవాబు మనం రాయాలి, ఒక్కో వాక్యం. మొదటి వాక్యానికి రెండు మూడు రూపాలు చూపిస్తుంది. బాగా పొడిగా ఉందనిపిస్తే చెరిపి ఇంకోటి. క్షమించమని మొదలుపెట్టాలా, పనిలో ఉన్నానని మొదలుపెట్టాలా? ప్రేమ అన్న మాట చివర పెడదామా? చెరుపుతాం, రాస్తాం, పంపుతాం. అబద్ధం ఒక్కసారిగా పుట్టదు. ఇలాగే వాక్యం వాక్యంగా, చదవడానికి ఎలా ఉందో చూసుకుంటూ తయారవుతుంది. తన చేత్తో అలా ఓ మెసేజ్ పంపినవాడికి విన్సెంట్‌ని తిట్టే హక్కు సగం పోతుంది.

ఈ గేములో నాకు నచ్చనిది కూడా గట్టిగానే ఉంది. ఇద్దరాడవాళ్లలో ఒకరు కట్టుబాటుకి గుర్తు, ఒకరు కోరికకి గుర్తు. వాళ్లకంటూ ఒక మనసు, ఓ పొద్దున, ఓ సొంత భయం చాలా తక్కువ. మగవాడి ఊగిసలాటకి ఇద్దరూ రెండు కొసలయ్యారు.

మాట ముక్కలు, బీరువా అరలు

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మౌంటెన్స్ అనే చిన్న స్టూడియో 2018 ఫిబ్రవరి 14న 'ఫ్లోరెన్స్' అనే గేము తెచ్చింది. రూపకర్త కెన్ వాంగ్. ఫోన్‌లో గంటలోపు అయిపోతుంది. ఫ్లోరెన్స్ యో అనే పాతికేళ్ల అమ్మాయి, క్రిష్ అనే భారతీయ మూలాలున్న చెల్లో వాద్యకారుడు. కలుస్తారు, కలిసి ఉంటారు, విడిపోతారు. కథ అంతే. ఇందులో రెండు దారులు, మూడు జవాబులు లాంటివేమీ లేవు.

అయినా దీన్ని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. వాళ్లిద్దరూ మొదటిసారి బయట కలిసినప్పుడు ఫ్లోరెన్స్ మాట్లాడాలంటే మనం మాటల బుడగని ముక్కలు పేర్చి పూర్తిచెయ్యాలి. చిన్న పిల్లలు ఆడే బొమ్మ ముక్కల్లాగే. మొదట ముక్కలు ఎక్కువ, ఏది ఎక్కడో తెలియదు, వేళ్లు తడబడతాయి. తర్వాతి బుడగలో ముక్కలు తగ్గుతాయి. ఇంకా తగ్గుతాయి. చివరికి ఒక్కటే ముక్క, అలా తోస్తే చాలు మాట వచ్చేస్తుంది. కొత్త మనిషితో మాట తేలికైపోయిన ఆ సాయంత్రం ఎలా ఉంటుందో ఒక్క అక్షరం లేకుండా మన వేళ్లకి తెలుస్తుంది. చాలా తర్వాత గొడవ వస్తుంది. అప్పుడు ముక్కలకి మొనలు మొలుస్తాయి. బుడగ గుండ్రంగా ఉండదు, పదునుగా ఉంటుంది. అవతలివాడికన్నా ముందు పూర్తిచేయాలన్న తొందర మనకే పుడుతుంది. ఎందుకు గెలవాలనుకున్నాను ఆ గొడవలో? ఎవరూ అడగలేదే.

క్రిష్ తన సామాను తీసుకుని ఆమె ఇంటికొచ్చే ఘట్టం ఇంకా బాగుంటుంది. అరలు నిండా ఆమె వస్తువులున్నాయి. అతనివి పెట్టాలంటే ఆమెవి కొన్ని తీసి లోపల దాచాలి. ఏది ఉండాలో, ఏది కనబడకుండా పోవాలో మనమే తేలుస్తాం. నేను ఎడాపెడా ఆమె సామాన్లే తీశాను, కొత్తగా వచ్చినవాడికి చోటివ్వాలి కదా అని. పెళ్లయి అత్తారింటికి వెళ్లిన అక్కాచెల్లెళ్లున్న ఇంట్లో పెరిగినవాణ్ని. ఎవరి పెట్టె ఏ అటక ఎక్కిందో చూసినవాణ్ని. అయినా అలా తీశాను. తెలిసి చేసిన ఎంపిక కాదది. అలవాటు చేసిన ఎంపిక. ప్రశ్న అడిగి ఉంటే నేను వేరే జవాబు చెప్పేవాణ్ని, అది ఖాయం.

వద్దు అన్న మాటకి విలువెంత?

ఇక బాధగా చెప్పాల్సిన భాగం. సంబంధాల గేముల్లో పెద్ద గుంపు ఇంకొకటుంది. అందులో ప్రేమ అంటే లెక్క. 2009లో వచ్చిన 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్' రచన బాగున్న గేమే, అయినా అందులో కానుకలు ఇచ్చుకుంటూ పోతే తోటివాళ్ల అభిమానం అంకెల్లో పెరుగుతుంది. పొద్దున చేసిన పనికి అసహ్యించుకున్న మనిషి సాయంత్రం ఓ నగ ఇస్తే మెత్తబడుతుంది. జపాన్‌లో 1994లో వచ్చిన 'టోకిమెకి మెమోరియల్'లో అయితే పట్టించుకోకుండా వదిలేసిన అమ్మాయి కోపం బాంబు గుర్తుగా కనిపిస్తుంది. పేలితే మిగతా అమ్మాయిల దగ్గరా పేరు పోతుంది. కాబట్టి ఆమెని ఓసారి బయటికి తీసుకెళ్లాలి, ఇష్టం ఉన్నా లేకపోయినా.

పెద్దలకు మాత్రమే అని ముద్ర వేసుకుని వచ్చే గేముల్లో ఈ లెక్క మరీ పచ్చిగా ఉంటుంది. స్టీమ్ దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ 2018లో తలుపులు బార్లా తెరిచాక ఇవి వెల్లువలా వచ్చాయి. సరైన జవాబులు వరసగా నొక్కితే పడకగది తలుపు తెరుచుకుంటుంది. ఆడమనిషి తాళం, మాట తాళంచెవి. 2025 జులైలో డబ్బు చెల్లింపుల కంపెనీల ఒత్తిడితో స్టీమ్, ఇచ్ అనే ఇంకో గేముల దుకాణం రెండూ ఇలాంటి గేముల్ని పెద్దఎత్తున పక్కకి తోసినప్పుడు, దాంపత్యం గురించీ, గాయాల గురించీ ఓపికగా రాసిన చిన్న చిన్న రచయితలు కూడా ఆ ఊడ్పులో కొట్టుకుపోయారు. ఒంటి మీద బట్ట ఉందా లేదా అన్నదే కొలత అయితే ఇలాగే అవుతుంది. నా కొలత వేరు. అవతలి మనిషి వద్దు అంటే ఆ ఆట ఏం చేస్తుంది? ఆ వద్దుని ఇంకో కానుకతో దాటాల్సిన గోడలా చూపిస్తుందా, లేక మాటగా వింటుందా?

బెల్జియంలోని లారియన్ స్టూడియోస్ 2023లో తెచ్చిన 'బాల్డర్స్ గేట్ 3'లో అస్టారియన్ అనే రక్తపిశాచి ఉంటాడు. రెండు వందల ఏళ్లు ఓ యజమాని కింద బానిస. అందాన్ని ఎరగా వేసి మనుషుల్ని వలలో దించి తెచ్చి అప్పగించడమే అతని పని. ఆ ఒళ్లు ఎప్పుడూ అతనిది కాలేదు. దారిలో ఓ వ్యాపారి కలుస్తుంది. అతను తన మెడ కొరకాలని ఆమె కోరిక. బదులుగా బలం శాశ్వతంగా పెంచే అరుదైన మందు ఇస్తానంటుంది. అస్టారియన్ వద్దంటాడు. ఆమె అతన్ని వదిలి మనవైపు తిరుగుతుంది, నువ్వు చెప్పు అన్నట్టు.

మందు మనకి నిజంగా పనికొస్తుంది. ముందున్న యుద్ధాలు తేలికవుతాయి. ఒక్క మాట ఒత్తి చెబితే అతను చేస్తాడు కూడా. చేసి వచ్చాక అతని ముఖంలో అసహ్యం చూడాలి, ఆ తర్వాత మీ ఇద్దరి మధ్య ఏదీ మునుపటిలా ఉండదు. అతని మాటే చాలని చెప్పి ఆమెని పంపేస్తే, తర్వాత తనే వచ్చి మాట్లాడతాడు. మొదట్లో నిన్ను వాడుకుందామనే దగ్గరయ్యానని ఒప్పుకుంటాడు. ఒక మగ పాత్ర ద్వారా ఈ మాట చెప్పించడం ఆ రచయితల గొప్పతనం. ఒంటి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నని మనం ఎప్పుడూ ఆడపిల్లల పాఠంగానే చెబుతూ వచ్చాం.

గడప కింద పేరు

పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2015లో తెచ్చిన 'ద విచర్ 3' గురించి చెప్పకపోతే ఈ కథనానికి న్యాయం జరగదు. ఆంద్రేజ్ సప్కోవ్‌స్కీ నవలల లోకం అది. అందులో ఫిలిప్ స్ట్రెంగర్ అనే జమీందారుంటాడు, బ్లడీ బారన్ అంటారు. భార్య అన్నా, కూతురు తమారా ఇల్లొదిలి పోయారు, వెతికిపెట్టమంటాడు. వెతికేకొద్దీ నిజం బయటపడుతుంది. తాగి భార్యని కొట్టేవాడు. ఆమెకి గర్భం పోయింది. పేరు పెట్టకుండా పాతిపెట్టిన ఆ బిడ్డ పిశాచమై తిరుగుతోంది.

రెండు దారులు. కత్తితో చంపెయ్యొచ్చు. లేదంటే బారన్ తన చేతులతో ఆ భయంకరమైన రూపాన్ని ఎత్తుకుని ఇంటిదాకా మోసి, గడప కింద పాతి, పేరు పెట్టాలి. నేను రెండోది ఎంచుకున్నాను. వాన చీకట్లో అంత పెద్ద ఒళ్లున్న తాగుబోతు చేతుల్లో ఆ పిండం కదులుతుంటే, ఏ క్షణాన మీద పడుతుందో తెలియక మనం పక్కనే నడవాలి. గడప దగ్గర అతను బిడ్డని బిడ్డా అని పిలుస్తాడు. గడపకి పసుపు రాసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఆ ఘట్టం పోలండ్‌ది అనిపించదు.

నేను బారన్‌ని క్షమించలేదు. ఆమెకి వేరే మనిషితో సంబంధం ఉండేదనీ, తనకీ గాయాలున్నాయనీ చాలాసేపు చెప్పుకుంటాడు. విన్నాను, విని ఊరుకోకుండా తప్పు నీదేనన్నాను, ఆ మాట అనే వీలు గేము ఇచ్చింది. తర్వాత అడవిలో ఇంకో ఎంపిక ఉంటుంది. అక్కడ చెట్టు కింద బందీ అయిన ఆత్మని వదిలితే అనాథ పిల్లలు బతుకుతారు, అన్నా చనిపోతుంది, బారన్ ఉరేసుకుంటాడు. చంపితే పిల్లలు దక్కరు, అన్నా మతి పోయి బతికుంటుంది, ఆమెని నయం చేయించడానికి అతను దూరదేశం బయల్దేరతాడు. మంచి దారి అనేది ఇక్కడ లేదు. ఒప్పుకుంటాను, గొప్ప రచన. కానీ అన్నా నోట వచ్చిన మాటలెన్ని? ఆమె కథంతా కొట్టినవాడి నోటే విన్నాం. ఎంపికలన్నీ మన చేతిలో పెట్టినవాళ్లు, ఆమె ఇంటికి తిరిగి రావాలనుకుంటోందా అని అడిగే అవకాశం ఒక్కటీ పెట్టలేదు.

తిన్నవా?

ఫ్రాన్స్‌లో 2017లో తయారైన 'బరీ మి, మై లవ్' నన్ను అన్నిటికన్నా ఎక్కువగా మన ఊళ్ల దగ్గరికి తెచ్చింది. నూర్, మజ్ద్ సిరియాకి చెందిన దంపతులు. యుద్ధం నుంచి తప్పించుకుని నూర్ ఒంటరిగా యూరప్‌కి బయల్దేరుతుంది. మజ్ద్ ఇంట్లో పెద్దవాళ్లని చూసుకుంటూ వెనక ఉండిపోతాడు. మనం మజ్ద్. మన చేతిలో ఉన్నది ఫోనొక్కటే. ఆమె మెసేజ్ పెడుతుంది, ఈ పడవ ఎక్కనా, ఆగనా అని. సలహా చెప్పాలి, లేదా ధైర్యం చెప్పాలి, లేదా నవ్వించాలి. 19 ముగింపులున్నాయి. కథ నిజం గడియారంతో నడిచేలా పెట్టుకుంటే ఆమె సరిహద్దు దాటుతున్న గంటలు మన గంటలే. ఫోను జేబులో మోగదు. ఆ మోగకపోవడమే ఆట.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు, ఇటు కడప, గోదావరి జిల్లాల్లో ఎన్ని సంసారాలు ఇలా ఫోన్లమీద నడుస్తున్నాయో మనకి తెలుసు. అక్కడ ఎడారి క్యాంపులో మనిషి, ఇక్కడ ఇంట్లో మనిషి. మధ్యలో వాయిస్ మెసేజ్‌లు. ఎవరు ఏది చెప్పాలి, ఏది దాచాలి అన్న ఎంపికలు రోజూ రాత్రి జరుగుతూనే ఉన్నాయి.

అందుకే నేనూ ఒకటి రాయడం మొదలుపెట్టాను. క్రిస్ క్లైమస్ 2009లో తయారుచేసిన ట్వైన్ అనే ఉచిత పనిముట్టు ఉంది. ప్రోగ్రామింగ్ రాకపోయినా పెట్టెలు గీసి, ఒక్కో పెట్టెలో ఓ ఘట్టం రాసి, గీతలతో కలుపుకుంటూ పోవచ్చు. తెలుగు హాయిగా రాయొచ్చు. నా కథలో భర్త సౌదీలో, దమ్మామ్ దగ్గర క్యాంపులో ఉన్నాడు. పని పోయింది, ఇంటికి చెప్పలేదు. భార్య పుస్తెలతాడు కుదువపెట్టి పిల్ల ఫీజు కట్టింది, అతనికి చెప్పలేదు. ఆడేవాళ్లు భార్య. మంగళవారం రాత్రి పదకొండింటికి మెసేజ్ వస్తుంది: 'తిన్నవా?'

మొదట మూడు జవాబులు రాశాను. 'తిన్న. మంచిగనే ఉన్న' అని ఒకటి. 'పైసలు ఎప్పుడు పంపుతవ్?' అని ఒకటి. మూడోది మొత్తం నిజం, తాడు కుదువపెట్టిన సంగతి. నిజం చెప్పినవాళ్లకే కథ మంచి దారి పట్టేలా గీతలు కలిపాను. నాకు ఎంతో న్యాయంగా అనిపించింది.

మా వదినకి చూపించాను. ఆమె భర్త పదకొండేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నాడు. ఫోను తీసుకుని ఒక్కో పెట్టె నెమ్మదిగా చదివింది. మూడో జవాబు దగ్గర ఆగింది.

'ఇది తప్పు మరిదీ' అంది.

'నిజం చెప్పడం తప్పా వదినా?'

'నిజం కాదు, రాత్రి తప్పు. పదకొండింటికి చెప్తె ఆయన నిద్ర పోతడా? పొద్దుగాల నాలుగింటికి లేశి ఎండల పనికి పోవాలె. పైన ఎక్కి పనిచేశే మనిషి. చెప్తం, చెప్పకుంట ఎట్లుంటం? శుక్రవారం చెప్తం. శుక్రవారం సెలవుంటది, ఇంత తిని పండుకుంటడు. అప్పుడు పొద్దుగాలనే ఫోన్ జేసి చెప్తం.'

'కానీ కథలో ఆయనకి పని పోయింది కదా వదినా.'

'అది ఆమెకు ఎర్కలేదు గదా' అంది, ఫోను నా చేతికిస్తూ.

ఆ రాత్రే మూడో పెట్టె నుంచి మంచి ముగింపుకి వెళ్లే గీత తీసేశాను. పక్కన నాలుగో పెట్టె గీశాను. అందులో ప్రస్తుతానికి ఒక్క మాటే ఉంది: శుక్రవారం దాకా ఆగు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఆమె పంపే మెసేజ్‌లు ఇంకా రాయాలి.